బోధకులకే పాఠాలు నేర్పిన వెల్థీ ఫిషర్

విశ్రాంతి కోరుకునే వయసది. 73 ఏళ్ల ప్రాయంలో వెల్థీ ఫిషర్ వయోజన విద్యా బోధకుల శిక్షణకు శ్రీకారం చుట్టారు. 1879లో అమెరికాలో జన్మించిన ఆమె, గాయని కావాలన్న ఆకాంక్షను విడనాడి చైనాలోని నాన్‌చాంగ్‌లో బాలికల పాఠశాలను నడిపారు. 1938లో భర్త బిషప్ ఫ్రెడరిక్ ఫిషర్ కన్నుమూశారు. 1947 డిసెంబరులో ఆమె గాంధీజీని దర్శించగా, భారత గ్రామాలకు వెళ్లి పనిచేయవలసిందిగా ఆయన కోరారు. కొద్ది వారాలకే మహాత్ముడు హత్యకు గురయ్యారు. ఆ మాట మాత్రం ఆమెను విడువలేదు.

1953లో అలహాబాదులో ఒక వరండాలో ప్రారంభమైన లిటరసీ హౌస్ 1956లో లక్నోకు తరలింది. సాక్షరతా నికేతన్‌గా పేరొందిన ఆ ప్రాంగణ భవనాలకు రూపమిచ్చినవారు లారీ బేకర్. బడిపిల్లలకు బోధించి చేయి తిరిగిన పంతులు సైతం, పొలం పనితో అలసి వచ్చిన రైతు ఎదుట కొత్తవాడే. బెత్తం చూపి కూర్చోబెట్టజాలడు కదా! అందుకే పల్లెలకు వెళ్లే బోధకులకు ముందుగా అక్కడ తర్ఫీదు ఇచ్చేవారు. బొమ్మలాటలను బోధనకు వాడుకున్నారు. నేర్చిన అక్షరం మరుగున పడకుండా సులభశైలిలో పుస్తకాలు వెలువరించారు.

1964లో మెగసెసే పురస్కారం ఆమెను వరించింది. 1980లో భారత ప్రభుత్వం ఆమె పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. అదే ఏడాది డిసెంబరు 16న, 101 ఏళ్ల వయసులో ఆమె అమెరికాలో తుదిశ్వాస విడిచారు.