కాలమెరిగిన వర్తకుడు – కాశీనాథుని నాగేశ్వరరావు

వినాయక చవితినాడు బ్రహ్మోత్సవాలు ఆరంభం కాగానే బాహుదా నదీతీరంలోని కాణిపాకం వీథుల రూపమే మారిపోతుంది. అంతవరకు ఊరివారి అవసరాలకు సరుకులమ్మిన దుకాణదారుడు కొబ్బరికాయలు, పూలు, పిల్లల బొమ్మలు ముందుకు పేర్చుకొంటాడు. ఆ మార్పును అతనికి బోధించే గురువు వచ్చే జనమే. చుట్టూ ఉన్న కాలాన్నీ, జనాన్నీ గుర్తెరిగి నడిచేవాడే వర్తకంలో నిలుస్తాడు. ఈ సూత్రాన్ని దేశహితానికి వినియోగించిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

ఆయన 1867 మే 1న కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామంలో శ్యామలాంబ, బుచ్చయ్య దంపతులకు జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఆనాటి పట్టభద్రులకు సర్కారు కొలువే పరమావధి. నాగేశ్వరరావు మాత్రం వర్తకాన్ని వరించారు. కలకత్తాలో ఔషధ వ్యాపారపు మెలకువలు గ్రహించి, ఆపై బొంబాయి చేరారు.

బొంబాయి నూలు మిల్లులతో, ఓడరేవుతో కిటకిటలాడే నగరం. దినమంతా శ్రమించేవారికి తలనొప్పి, ఒళ్లు నొప్పులు నిత్యకృత్యాలు. వారికి కావలసింది తక్షణం ఉపశమనమిచ్చే మందు. ఈ అవసరాన్ని తీర్చేదిగా 1893లో అమృతాంజనం వెలువడింది. కొత్త మందును కొనడానికి జనం సంశయిస్తారని ఎరిగిన ఆయన సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టించారు. ఒకసారి వాడి గుణమెరిగినవారు మరల కొనకుండా ఉండలేకపోయారు. స్వదేశీ ఉద్యమం ప్రబలేనాటికి అమృతాంజనం స్వదేశీయుల చేతిలో తయారైన ఔషధంగా సిద్ధంగా ఉంది.

1907లో సూరత్ కాంగ్రెస్ సభకు హాజరైన నాగేశ్వరరావుకు తెలుగువారి వాణిని వినిపించే పత్రిక లేని లోటు కనబడింది. బొంబాయిలో తెలుగు శ్రామికులు ఎందరో ఉండేవారు. 1908లో ఆయన అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తర్వాత తెలుగుదేశంలో ఆంధ్రోద్యమం మొలకెత్తింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. పాఠకులున్న చోటికే పత్రిక చేరాలని భావించిన ఆయన 1914 ఏప్రిల్ 1 నుండి మద్రాసులో దానిని దినపత్రికగా వెలువరించారు. కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమై వార్తల కొరకు జనంలో ఆతురత హెచ్చింది.

అయితే పరిస్థితులు ఎల్లప్పుడూ అనుకూలంగా ఉండవు. 1910 నాటి పత్రికల చట్టం ధరావతు కోరడానికీ, దానిని జప్తు చేయడానికీ ప్రభుత్వానికి అధికారమిచ్చింది. ఇట్టి కాలంలో జాతీయభావాలను ప్రచురించడం సాహసమే. అమృతాంజనపు ఆదాయమే ఆంధ్రపత్రికకు అండగా నిలిచింది. పత్రిక ఆ ఔషధం పేరును ఇంటింటికీ చేర్చింది. ఇలా ఒక వ్యాపారం మరొక ఆశయాన్ని పోషించింది. 1924లో ఆయన ప్రారంభించిన భారతి మాసపత్రిక సాహిత్య పరిశోధనకు నెలవైంది. ఆంధ్ర గ్రంథమాల ద్వారా ప్రాచీన, ఆధునిక గ్రంథాలు సామాన్యులకు అందాయి. శాసనోల్లంఘన ఉద్యమంలో కారాగారానికి వెళ్లినపుడు తన వ్యాపారం ఏమగునోనన్న శంక ఆయనను ఆపలేదు. దాతృత్వం వలన విశ్వదాత అనీ, దేశసేవ వలన దేశోద్ధారక అనీ ప్రజలు ఆయనను గౌరవించారు.

ఆయన దూరదృష్టికి రాయలసీమ కూడా ఋణపడి ఉంది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం ఏర్పడితే తమకు అన్యాయం జరుగునేమోనని సీమవాసులు శంకించారు. ఆ శంకను తీర్చడానికి 1937 నవంబరు 16న మద్రాసులోని ఆయన నివాసమైన శ్రీబాగులో ఇరుప్రాంతాల నాయకులు సమావేశమై ఒడంబడిక చేసుకొన్నారు. నీటి వసతులలో రాయలసీమకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అందులోని ముఖ్యాంశాలు. 1938 ఏప్రిల్ 11న ఆయన పరమపదించారు. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించినపుడు కర్నూలు రాజధాని కావడానికి ఆ ఒడంబడికే ఆధారమైంది.

ఏ సరుకు అమ్మాలో, ఏ ఊరిలో అమ్మాలో, ఎట్లా అమ్మాలో నాగేశ్వరరావుకు కాలం నేర్పింది. ఆ లాభం ఎవరికి చెందాలో మాత్రం ఆయన హృదయమే నిర్ణయించింది. వ్యాపారరంగంలో అడుగిడదలచిన యువతకు ఆయన జీవితం చెప్పే పాఠమిదే.