పాల్ ఎర్లిక్: సిఫిలిస్‌కు మందు కనిపెట్టారు.. నిందలూ మోశారు!

సిఫిలిస్‌ను తొలి దశలో గుర్తిస్తే ఇప్పుడు ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. 1910కి ముందు మాత్రం ఈ సుఖవ్యాధి సోకితే పాదరసమే దిక్కు. ఒంటికి పాదరసం లేపనం పూసేవాళ్లు. పళ్లు ఊడిపోయేవి, నోట్లో చొంగ ఆగేది కాదు. ఇంతా చేసి జబ్బు పోతుందన్న గ్యారంటీ లేదు. ఆ పరిస్థితిని మార్చిన డాక్టరే పాల్ ఎర్లిక్.

ఎవరీ ఎర్లిక్?

1854 మార్చి 14న ఇప్పటి పోలాండ్‌లో ఉన్న ఓ చిన్న పట్టణంలో, జర్మన్ యూదు కుటుంబంలో పుట్టారు. మెడిసిన్ చదివే రోజుల్లోనే ఆయనకు రంగుల పిచ్చి. కొన్ని రంగులు కొన్ని రకాల కణాలకే అంటుకుంటాయని గమనించారు. అలాగే మనిషి ఒంటికి హాని చేయకుండా, రోగక్రిమిని మాత్రమే పట్టుకుని చంపే మందు ఎందుకు ఉండకూడదన్నదే ఆయన ఐడియా. దానికి ఆయన పెట్టిన పేరు మ్యాజిక్ బుల్లెట్. రోగనిరోధక శక్తిపై పరిశోధనలకు 1908లో నోబెల్ కూడా అందుకున్నారు.

పక్కన పడేసిన మందే పనిచేసింది!

సిఫిలిస్‌కు కారణమైన బ్యాక్టీరియాను 1905లో గుర్తించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎర్లిక్ టీమ్ ఆర్సెనిక్‌తో వందల రసాయనాలు తయారుచేసింది. అందులో 606వ నంబరుది పనికిరాదని పక్కన పెట్టేశారు. 1909లో జపాన్ నుంచి వచ్చిన సహచిరో హటా దాన్ని జబ్బు సోకిన కుందేళ్లపై మళ్లీ పరీక్షించారు. పుండ్లు మానిపోయాయి! 1910లో సాల్వర్సాన్ పేరుతో ఆ మందు మార్కెట్లోకి వచ్చింది.

ఆ తర్వాతే అసలు గొడవ

ఈ జబ్బు తప్పు చేసినవాళ్లకు పడ్డ శిక్ష అని, మందిస్తే విచ్చలవిడితనం పెరుగుతుందని కొందరు అడ్డం తిరిగారు. భర్త నుంచి జబ్బు అంటించుకున్న భార్య, తల్లి కడుపులోనే అంటించుకున్న పసిబిడ్డ ఏం తప్పు చేశారన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. మందుకు సైడ్ ఎఫెక్ట్స్ ఉన్న మాటా నిజమే. కొందరు చనిపోయారు కూడా. సెక్స్ వర్కర్లపై బలవంతంగా ప్రయోగించారంటూ 1914లో వ్యవహారం కోర్టుకెక్కింది. ఎర్లిక్ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఆరోపణ చేసిన వ్యక్తికే జైలు శిక్ష పడింది. మరుసటి ఏడాది, 1915 ఆగస్టు 20న, 61 ఏళ్ల వయసులో ఎర్లిక్ కన్నుమూశారు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చాక సాల్వర్సాన్ వాడకం ఆగిపోయింది.

మందు మారింది.. సిగ్గు మారలేదు

సిఫిలిస్ మొదట నొప్పి లేని పుండుగా కనిపిస్తుంది. మందు వేయకపోయినా కొన్ని వారాల్లో అదే మానిపోతుంది. తగ్గిపోయిందని చాలామంది వదిలేస్తారు. ప్రమాదమంతా అక్కడే. తర్వాత అరచేతులు, అరికాళ్లపై దద్దుర్లు రావచ్చు. ఏళ్ల తర్వాత గుండె, మెదడు దెబ్బతినొచ్చు. గనేరియాలో మూత్రంలో మంట, చీము కనిపిస్తాయి. క్లమీడియాలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. ఈ మూడూ యాంటీబయాటిక్స్‌తో నయమయ్యేవే. అయితే మెడికల్ షాపులో అడిగి మందులు కొనుక్కోవద్దు. పరీక్ష చేయించుకోవాలి, భాగస్వామికీ చేయించాలి. గర్భిణులకు సిఫిలిస్ టెస్ట్ తప్పనిసరి.

ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో వీటికి ఉచితంగా చికిత్స చేస్తారు. సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబర్ 1097కు కాల్ చేయొచ్చు.