గాలిలో కలిసిపోని నాదం

శిల్పి చెక్కిన శిల్పం శతాబ్దాల తరబడి నిలుస్తుంది. కవి రచించిన కావ్యం తాళపత్రాలలోనైనా తలదాచుకుంటుంది. అప్పటికప్పుడు ఊహలో మెరిసిన సంగీతానికి మాత్రం అంతటి ఆయుర్దాయం లేదు. అవధాన సభలో ఆశువుగా వెలువడిన పద్యాన్ని ఎవరో ఒకరు రాసుకోకపోతే అది సభతోపాటే ముగిసిపోతుంది. అమెరికాలోని నల్లజాతి ప్రజల జీవితాల నుండి పుట్టిన జాజ్ సంగీతానికి ఇటువంటి ఆశుధారే ప్రాణం. ఆ సంగీతానికి కొత్త నడక నేర్పిన శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్. అతని నాదంలో కొంతైనా నేటి తరానికి దక్కిందంటే, అందుకు అతని ప్రతిభతో పాటు రసికులైన అభిమానుల శ్రమ కూడా కారణం.

పార్కర్ 1920 ఆగస్టు 29న కాన్సాస్ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో జన్మించాడు. పొరుగునే ఉన్న మిస్సోరి రాష్ట్రంలో, అదే పేరుగల నగరంలో పెరిగాడు. తండ్రి కుటుంబానికి దూరమయ్యాడు. తల్లి ఆడీ రాత్రివేళ కార్యాలయాలు శుభ్రం చేసే పనికి వెళ్ళి కుమారుని పోషించింది. అతనికి శాక్సోఫోన్ కొనిపెట్టింది. పదహారేళ్ళ ప్రాయంలో అతడు రీనో క్లబ్బులో పెద్ద విద్వాంసుల సరసన వాయించబోయి తడబడ్డాడు. డ్రమ్స్ వాయిస్తున్న జో జోన్స్ తన వాద్యంలోని తాళాన్ని తీసి అతని కాళ్ళ వద్దకు విసిరాడు. సభలో నవ్వులు చెలరేగాయి. ఆ అవమానం అతనిలో పట్టుదలను రగిలించింది. 1937 వేసవిలో ఓజార్క్ కొండ ప్రాంతానికి వాయిద్య బృందంతో వెళ్ళినప్పుడు, లెస్టర్ యంగ్ రికార్డులను మళ్ళీ మళ్ళీ విని, ఆ స్వరకల్పనలను కంఠస్థం చేశాడు. తిరిగి వచ్చేనాటికి అతడు కొత్త మనిషి.

ఆ ప్రాయంలోనే మరొక నీడ కూడా అతణ్ణి వెన్నంటింది. కారు ప్రమాదంలో గాయపడినప్పుడు చికిత్సకు వాడిన మార్ఫిన్, క్రమంగా హెరాయిన్ వ్యసనానికి దారితీసిందని జీవితచరిత్రకారులు భావిస్తారు.

1939లో పార్కర్ న్యూయార్క్ చేరుకున్నాడు. ఒక భోజనశాలలో అంట్లు కడుగుతూ, అక్కడ పియానో వాయించే ఆర్ట్ టేటమ్ సంగీతాన్ని చెవులారా విన్నాడు. తరువాత హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో డిజీ గిలెస్పీ, థెలోనియస్ మంక్ మొదలైన వారితో కలిసి రాత్రులు తెల్లవార్లూ ప్రయోగాలు సాగించాడు. తెలిసిన పాటకు ఆధారమైన స్వరమేళనాలను అలాగే ఉంచి, వాటిపై మెరుపువేగంతో సరికొత్త రాగాలను అల్లడం వారి పద్ధతి. దానికే బీబాప్ అని పేరు వచ్చింది.

అయితే ఆ శైలి శైశవదశ చాలావరకు రికార్డులకు ఎక్కలేదు. రికార్డుల వల్ల తమ జీవనోపాధి దెబ్బతింటోందని, కళాకారులకు అందులో వాటా దక్కాలని కోరుతూ అమెరికా సంగీతకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుండి రికార్డింగులను నిలిపివేసింది. పెద్ద సంస్థలతో ఆ వివాదం 1944 నవంబరు వరకు సాగింది. చివరకు 1945 నవంబరు 26న సవాయ్ సంస్థ కోసం పార్కర్ వాయించిన కోకో అనే రచన ఆ కొత్త సంగీతానికి పతాకమై నిలిచింది.

1946లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో అతని ఆరోగ్యం పూర్తిగా చెడిపోయింది. కమరియో ప్రభుత్వ వైద్యశాలలో ఆరు నెలలు గడిపి, 1947 ఆరంభంలో కోలుకొని బయటకు వచ్చాడు. అప్పుడే డీన్ బెనెడెట్టి అనే యువకుడు అతని వెంట కనిపించసాగాడు. అతడు కూడా శాక్సోఫోన్ వాద్యకారుడే. 1947 మార్చి 1 నుండి హై-డి-హో క్లబ్బుకు రికార్డింగ్ యంత్రాన్ని మోసుకువెళ్ళి, పార్కర్ వాదనాన్ని ముద్రించడం ప్రారంభించాడు. ఇతరులు వాయించేటప్పుడు యంత్రాన్ని ఆపి, గురుతుల్యుడైన పార్కర్ వంతు రాగానే తిరిగి నడిపేవాడు. మరుసటి సంవత్సరం న్యూయార్క్‌లో సైతం ఈ దీక్షను కొనసాగించాడు. 1957లో బెనెడెట్టి ఇటలీలో మరణించాడు. ఆ రికార్డులు ఏమయ్యాయో తెలియక అవి కట్టుకథలేనని కొందరు అనుకున్నారు. కాని వాటిని అతని కుటుంబం భద్రపరిచింది. 1990లో మొజాయిక్ సంస్థ వాటిని ఏడు సీడీల సంపుటిగా వెలువరించింది.

కెనడాలో ఒక అభిమాన సంఘం మరో సాహసం చేసింది. టొరంటోలోని న్యూ జాజ్ సొసైటీ సభ్యులు 1953 మే 15న మాసీ హాలులో పార్కర్, గిలెస్పీ, బడ్ పావెల్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్‌లను ఒకే వేదికపైకి తెచ్చారు. అదే రాత్రి మార్సియానో, వాల్కాట్‌ల ముష్టియుద్ధం జరగడంతో జనం తక్కువగా వచ్చారు; నిర్వాహకులు నష్టపోయారు. పార్కర్ ప్లాస్టిక్ శాక్సోఫోన్‌తోనే అద్భుతంగా వాయించాడు. ఆ కచేరీ రికార్డు కావడం వల్ల ఖాళీ కుర్చీల ఎదుట పలికిన నాదాన్ని తరువాత లోకమంతా విన్నది. మరొక సంస్థతో ఒప్పందం ఉన్నందున ఆ రికార్డుపై పార్కర్ పేరుకు బదులు చార్లీ చాన్ అని ముద్రించారు.

1954లో పసికూతురి మరణం అతణ్ణి కుంగదీసింది. 1955 మార్చి 12న న్యూయార్క్‌లో, ఒక మిత్రురాలి నివాసంలో కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు ముప్పైనాలుగేళ్ళే. దేహాన్ని పరీక్షించిన వైద్యుడు యాభై దాటిన వానిగా భావించాడంటే, వ్యసనం ఎంతగా హరించిందో ఊహించవచ్చు. తనను అనుకరించాలని యువ కళాకారులు మాదకద్రవ్యాలకు లోనుకావడం పార్కర్‌ను బాధించింది. వాటివల్ల ఎవరూ మెరుగ్గా వాయించలేరని అతడు స్పష్టంగా హెచ్చరించాడు.

టొరంటోలో అతడు వాయించిన ప్లాస్టిక్ శాక్సోఫోన్ తరువాత కాన్సాస్ సిటీలోని జాజ్ ప్రదర్శనశాలకు చేరింది. పార్కర్ విద్య అవమానాన్ని జయించింది; వ్యసనాన్ని మాత్రం జయించలేకపోయింది. కళాకారుడు ఒక్కరాత్రి పలికించిన నాదానికి దీర్ఘాయువు పోసినవారు, యంత్రాలు మోసి, నష్టాలు భరించి, ముద్రికలను దాచి, పదిమందితో పంచుకున్న శ్రోతలు. సృజనకు విద్వాంసుడు ఎంత అవసరమో, దానిని కాపాడుకోవడానికి సహృదయుడైన శ్రోత అంతే అవసరమని పార్కర్ జీవితం తెలియజేస్తుంది.