హెర్మాన్ పోటోచ్నిక్ జీవితము

మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలోని మేడలమీద టెలివిజను కొరకు బిగించిన డిష్ యాంటెన్నాలను మన విద్యార్థులు నిత్యము చూచుచునే యున్నారు. ఒకసారి బిగించిన పిమ్మట వానిని ఎవరును త్రిప్పరు. అవి ఏ ఉపగ్రహమువైపు ముఖము పెట్టినవో అది ఆకాశమున ఒకే చోట నిలిచినట్లుండుటయే అందులకు కారణము. ఇట్టి నిలుకడను లెక్కగట్టి జర్మను భాషలో గ్రంథముగా వ్రాసిన ఒక రోగిష్ఠి ఇంజనీరు చరిత్రమును, ఆ గ్రంథము ఇంగ్లీషునకు చేరిన తీరును మా చదువరులకు తెలుపగోరెదము.

హెర్మాన్ పోటోచ్నిక్ 1892వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన పోలా అను రేవుపట్టణమున స్లొవీను కుటుంబమున జన్మించెను. అది అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది. నేడు క్రొయేషియాలో నున్నది. పసితనముననే తండ్రి గతింపగా తల్లి బిడ్డలతో మారిబోరు పట్టణము చేరెను. బాలుడు సైనిక విద్యాలయములలో చదివి ఇంజనీరయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున పనిచేసి క్షయరోగము పాలై, 1919లో కెప్టెను హోదాతో కొలువు విడిచెను. పిదప వియన్నాలో విద్యుత్ ఇంజనీరింగు నభ్యసించెను గాని, ఆరోగ్యము చాలక ఉద్యోగమునకు పోలేదు, వివాహమాడలేదు, సోదరుని యింట కాలము గడపెను.

ఆ యింటనుండియే ఆయన తన యేకైక గ్రంథమును వ్రాసెను. అంతరిక్షయాన సమస్యను గూర్చిన ఆ పుస్తకము హెర్మాన్ నోర్డుంగు అను మారుపేరుతో 1928 చివర బెర్లినులో వెలువడెను. అందు 100 చిత్రములున్నవి. భూమికి సుమారు 35,900 కిలోమీటర్ల యెత్తున, భూమధ్యరేఖకు పైగా తిరుగు వస్తువు, భూమి తనచుట్టు తాను తిరుగునంత కాలములోనే ఒక చుట్టు ముగించునని ఆయన చూపెను. నేటి లెక్కలో ఆ యెత్తు 35,786 కిలోమీటర్లు. గానుగకాడిమీద కూర్చున్నవానికి ఎద్దు ఎంత నడచినను ఎప్పుడును తన యెదుటనే యుండును గదా! ఇదియు నట్టిదే.

ఆ యెత్తున మనుష్యులు నివసింపదగిన కట్టడమును ఆయన మూడు భాగములుగా చిత్రించెను. నివాసమునకైన భాగము 30 మీటర్ల వ్యాసముగల చక్రము; అది 8 సెకండ్లకొకమారు తిరుగుటచే లోపలివారికి బరువు తెలియును. జర్మనులో దానిపేరు వోన్‌రాట్, అనగా నివాసచక్రము. ఇంగ్లీషులో ఇది చక్కగనే కుదిరినది. మొత్తము కట్టడమునకు ఆయన పెట్టిన పేరు రౌమ్‌వార్తె. దీనిని తెచ్చుట అంత సులువు కాదు. రౌమ్ అనగా గదియు, అంతరిక్షమును గూడ. వార్తె అనగా కావలి గోపురము. మన పొలములలోని మంచెవంటిది. (మన వార్తకును దీనికిని చుట్టరికము లేదు!) ఇంగ్లీషువారు దీనిని స్పేస్ స్టేషన్ అనిరి. ఆ మాట వినగానే రైలు ఆగుచోటు తోచును. ఎత్తున కూర్చుండి భూమిని కనిపెట్టియుండు కావలివాడు మాయమగును. మా మట్టుకు మాకు అంతరిక్షపు మంచె అనుటయే మేలని తోచుచున్నది. అంకెలలోను జాగ్రత్త కావలెను. జర్మనులు వేలను విడదీయుటకు చుక్క పెట్టుదురు, 42.300 అని యున్నచో నలుబదిరెండువేల మూడువందలని చదువవలెను. ఆ చుక్కను దశాంశముగా తలచువాడు ఉపగ్రహమును మన పెరటిలోనికి దింపును.

1929లో అమెరికాలోని సైన్స్ వండర్ స్టోరీస్ అను మాసపత్రిక కొన్ని భాగములను ఇంగ్లీషున ప్రకటించెను. ఆ యేడు ఆగస్టు 27వ తేదీన పోటోచ్నిక్ వియన్నాలో న్యుమోనియాచే, పేదరికమున, కన్నుమూసెను. వయస్సు 36 ఏండ్లు. 1935లో రష్యను అనువాదము వెలువడెను. 1945లో ఆర్థర్ క్లార్కు అను ఇంగ్లీషు రచయిత, ఇట్టి నిలుకడ ఉపగ్రహములు మూడున్నచో లోకమంతటికి ప్రసారము చేయవచ్చునని వ్రాసి, వ్యాసము చివర నోర్డుంగు గ్రంథమును పేర్కొనెను. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు పాఠములు ప్రసారము చేసినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పల్లెలు వానిని తెలుగులో వినెను.

పూర్తి ఇంగ్లీషు అనువాదము మాత్రము 1995 వరకు వెలువడలేదు. దానిని అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా ప్రకటించెను. సంపాదకులలో నొకడగు ఎర్న్‌స్ట్ స్టూలింగర్ జర్మనీలో పుట్టి పెరిగిన రాకెట్టు శాస్త్రజ్ఞుడు. భాషయు, విషయమును రెండును ఎరిగినవాడు. ఆ గ్రంథము అంతర్జాలమున ఉచితముగా లభించును. పై తరగతుల బాలబాలికలు మొదట నివాసచక్రపు బొమ్మగల పుట తెరచి చూతురుగాక.