బ్యాంకు గుమాస్తా చేతిలో ఫ్లై రాడ్

అరకు రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం మనందరికీ సరదాయే. బొర్రా గుహలు చూస్తాం, కాఫీ తోటలు చూస్తాం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. కానీ ఆ కొండ ఊళ్ళ వాళ్ళకి అక్కడి వాగులు చూసి వచ్చేవి కావు, కూర పెట్టేవి. వెదురు ఊతలు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగే ఆడవాళ్ళకి ఏ రాయి కింద ఏ చేప దాక్కుంటుందో మనం చెప్పనక్కర్లేదు. ఆ తెలివికి మాత్రం ఎవరూ విలువ కట్టరు.

అలాంటి కొండలూ వాగులే మరో దేశంలో ఒక జబ్బు మనిషికి ఆరోగ్యం ఇచ్చాయి, ఉద్యోగం ఇచ్చాయి, చివరికి పేరు కూడా ఇచ్చాయి. ఆమె కొర్నీలియా థర్జా క్రాస్బీ. ఆ పేరు చెబితే ఆమె ఊళ్ళో కూడా కొందరు తడుముకునేవారేమో! 'ఫ్లై రాడ్' క్రాస్బీ అంటే మాత్రం అందరికీ తెలుసు. ఫ్లై రాడ్ అంటే ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగని నీళ్ళ మీదికి విసిరి చేపని పట్టే సన్నటి బెత్తం. ముప్పై దాటాక ఆ బెత్తం చేతబట్టి, అదే ఇంటిపేరుగా మార్చుకున్న మనిషి ఆమె.

డాక్టరు చెప్పిన మందు

అమెరికాకి ఈశాన్య మూలన, కెనడా సరిహద్దులో మెయిన్ రాష్ట్రం ఉంది. అంతా అడవులూ, సరస్సులూ, చలీ. అక్కడ ఫిలిప్స్ అనే చిన్న ఊళ్ళో 1854 నవంబరు 10న కొర్నీలియా పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. అగస్టాలోని సెయింట్ కాథరిన్స్ హాల్ అనే ఆడపిల్లల స్కూల్లో చదువుకుంది. ఆరడుగుల పొడుగు మనిషి. కానీ పొడుగే గానీ బలం లేదు. ఎప్పుడూ ఏదో ఒక నలత.

చదువయ్యాక సొంత ఊళ్ళోనే బ్యాంకులో గుమాస్తాగా చేరింది. ఆ రోజుల్లో ఆడపిల్లకి అది మర్యాదైన ఉద్యోగమే. అయితే రోజంతా నాలుగు గోడల మధ్య లెక్కల పుస్తకాల ముందు కూర్చోవడం ఆమె ఒంటికి పడలేదు. మంచం పట్టింది. డాక్టరు సీసాలో మందు ఇవ్వలేదు. ఆరుబయట గాలిలో తిరగమన్నాడు. ఊపిరితిత్తుల జబ్బులకి సరైన మందులు లేని కాలం అది. గాలి మార్పే పెద్ద వైద్యం. 1915లో మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెలసింది కూడా ఈ నమ్మకం మీదే కదా!

ఉద్యోగం వదిలేస్తే ఇల్లు గడవాలిగా? అందుకని ఆమె దగ్గర్లోని రేంజ్‌లీ సరస్సుల ప్రాంతానికి వెళ్ళి, విహారానికి వచ్చేవాళ్ళు దిగే హోటళ్ళలో పనికి కుదిరింది. తీరిక దొరికితే అడవి దారులు బాగా తెలిసిన గైడ్ల వెంట పడేది. ఏ చెట్టు ఏమిటి, ఏ జంతువు అడుగు ఎలా ఉంటుంది, పడవ ఎలా తిప్పాలి, చేప ఏ వేళకి పైకి వస్తుంది... అన్నీ వాళ్ళ దగ్గర నేర్చుకుంది. నెమ్మదిగా ఒంట్లోకి సత్తువ వచ్చింది.

1886లో చార్లెస్ వీలర్ అనే బెత్తాల తయారీదారు ఆమెకొక కానుక ఇచ్చాడు. తేలికైన వెదురు ఫ్లై రాడ్. బరువు అయిదు ఔన్సులు, అంటే దాదాపు 140 గ్రాములు. వంటింట్లో గరిటె అంత బరువన్నమాట! అప్పటికి ఆమె వయసు 31.

ఇక్కడ మనకో ముచ్చట. ఆ కాలంలో అమెరికాలో ఇలాంటి బెత్తాలకి వాడిన వెదురు చాలావరకు మన దేశం నుంచే, కలకత్తా రేవు మీదుగా ఓడల్లో వెళ్ళేది. దాన్ని సన్నటి బద్దలుగా చీల్చి, ఆరు బద్దలు చొప్పున కలిపి అతికించేవారు. మన కొండల్లో ఊతలల్లే వెదురే అక్కడ దొరల చేతి బెత్తమైంది!

బలం కాదు, ఒడుపు

మనకి తెలిసిన గాలం సంగతి వేరు. కొక్కేనికి ఎర్ర గుచ్చి, పైన బెండు, కింద సీసం గుండు కట్టి విసిరితే ఆ గుండు బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై రాడ్‌కి ఎర్రా లేదు, గుండూ లేదు. కొక్కెం మీద ఈకలూ, బొచ్చూ, పట్టుదారమూ చుట్టి కట్టిన ఈగ ఒక్కటే. ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాన్ని నలభై అడుగుల అవతలికి పంపడం ఎలా?

కిటుకంతా దారంలో ఉంది. బరువు ఈగకి కాదు, దారానికి ఉంటుంది. అప్పట్లో పట్టుతో పేని నూనె పట్టించిన దారం వాడేవారు. బెత్తం దారాన్ని విసురుతుంది, దారం ఈగని మోసుకుపోతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి గడియారం గుర్తు చెబుతారు. మీ తలకి సూటిగా పైన పన్నెండు అనుకోండి. ఎదుట నీళ్ళ వైపు తొమ్మిది. వీపు వైపు మూడు. బెత్తాన్ని తొమ్మిది దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా ఎత్తుతూ వేగం పెంచి, ఒంటిగంట దగ్గర టక్కున ఆపాలి. దారం తల మీదుగా వెనక్కి వెళ్తుంది. ఇప్పుడు ఆగాలి. వెనక దారం పూర్తిగా చాచుకునే దాకా చెయ్యి కదపకూడదు. చాచుకోగానే ముందుకి తోసి, పది దగ్గర మళ్ళీ ఆపాలి. దారం ముందుకి విచ్చుకుంటూ వెళ్ళి, చివర ఈగ నీళ్ళ మీద నెమ్మదిగా వాలుతుంది. పైనుంచి నిజం ఈగే రాలిందనుకుని చేప నోరు తెరుస్తుంది.

వినడానికి ఇంతే. చెయ్యబోతేనే తెలుస్తుంది! మొదటి రోజు అందరూ చేసే తప్పులు రెండు. ఒకటి, బలమంతా పెట్టి విసరడం. ఎంత బలం పెడితే దారం అంత చిక్కుపడి కాళ్ళ దగ్గరే కుప్పగా పడుతుంది. రెండోది, ఆగకపోవడం. వెనక్కి వెళ్ళిన దారం చాచుకోకముందే ముందుకి లాగితే కొరడా ఝళిపించినట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినబడిందంటే ఈగ తెగి ఎక్కడో పడ్డట్టే. మణికట్టు మరీ వంచినా ఇంతే, దారం వెనక నేలకి తగులుతుంది, లేదా చెట్టు కొమ్మకి చిక్కుతుంది. అందుకే ముందు నీళ్ళ దగ్గరికి పోకుండా గడ్డి మైదానంలో, కొక్కెం తీసేసి ఉన్ని ముక్క కట్టుకుని సాధన చెయ్యమంటారు. చెయ్యి నొప్పి పుడితే తప్పు చేస్తున్నామని గుర్తు.

కండబలం అక్కర్లేని, ఓపిక కావలసిన విద్య ఇది. జబ్బు పడి లేచిన కొర్నీలియాకి సరిగ్గా సరిపోయింది. కొద్ది ఏళ్ళలోనే ఆ చుట్టుపక్కల మగవాళ్ళెవరికీ తీసిపోని చెయ్యి అనిపించుకుంది. ఒక్క రోజులో 200 ట్రౌట్ చేపలు పట్టిందని కూడా చెబుతారు.

కలం పేరే పేరయింది

చేపల వేటకి వెళ్ళినప్పటి ముచ్చట్లు రాసి ఆమె తమ ఊరి వారపత్రిక 'ఫిలిప్స్ ఫోనోగ్రాఫ్'కి పంపింది. కింద సొంత పేరు పెట్టలేదు, 'ఫ్లై రాడ్' అని సంతకం చేసింది. సంపాదకుడికి అది తెగ నచ్చి, ఇంకా పంపమన్నాడు. అలా మొదలైన శీర్షిక పెద్ద నగరాల పత్రికలకీ పాకింది. ఏ సరస్సులో చేపలు ఎలా పడుతున్నాయి, ఏ హోటల్లో ఎవరు దిగారు, ఏ రైలు ఎక్కాలి... పక్కింటావిడతో కబుర్లు చెప్పినట్టు రాసేది. ఆడవాళ్ళూ రండి, మీకూ ఇది చేతనవుతుందని పదే పదే రాసేది.

ఫిలిప్స్‌కి 1879లో రైలు వచ్చింది. రెండడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే బుల్లి రైలు! మన అరకు లైను మొదట ఇనుప ఖనిజం కోసం వేస్తే, తర్వాత జనం విహారానికి ఎక్కినట్టే, అక్కడా రైలు వెంట పట్నవాసులు వచ్చారు. మెయిన్ సెంట్రల్ రైల్వే వాళ్ళు ఆమెని తమ ప్రచారానికి పెట్టుకున్నారు.

1890లలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన వేట, విహార ప్రదర్శనల్లో ఆమె ఏకంగా ఒక దుంగల గుడిసెనే నిలబెట్టింది. తొట్లలో బతికున్న చేపలు తెచ్చి పెట్టింది. జనం విరగబడి చూశారు. అయితే చేపల కన్నా ఎక్కువ చర్చ జరిగింది ఆమె లంగా గురించి! తోలుతో కుట్టించుకున్న ఆ లంగా నేలకి ఏడంగుళాల పైన ఉంది. నేలని ఊడ్చే లంగాలే మర్యాద అనుకునే రోజులాయె. ముళ్ళ పొదల్లో, బురదలో నడిచే మనిషికి నేలని ఊడ్చే గుడ్డ ఎందుకు? చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నాట్లు వేసే మన వాళ్ళకి ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

మొదటి లైసెన్సు

ఆమె చేసిన పనుల్లో అన్నిటికన్నా గట్టిది మరొకటి. పట్నం నుంచి వచ్చేవాళ్ళకి అడవి దారి చూపించే గైడ్లు అప్పటిదాకా ఏ గుర్తింపూ లేని కూలీలే. ఆమెకి విద్య నేర్పింది వాళ్ళే. ఆ గైడ్లందరూ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకుని లైసెన్సు పొందాలని ఆమె పట్టుబట్టింది. 1897 మార్చి 19న మెయిన్ శాసనసభ ఆ చట్టం చేసింది. మొదటి ఏడాది నమోదైనవాళ్ళు 1,316 మంది. అందులో మొట్టమొదటి లైసెన్సు కొర్నీలియా క్రాస్బీదే! అప్పటికి అమెరికాలో ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు హక్కు కూడా లేదు. అది 1920లో గానీ రాలేదు.

ఒక్క మాట మరిచిపోకూడదు. ఆ అడవుల దారులు ముందుగా తెలిసినవాళ్ళు పెనాబ్‌స్కాట్, అబెనకీ వంటి ఆదివాసులు. తెల్లవాళ్ళకి తరతరాలుగా దారి చూపింది వాళ్ళే. తొలి లైసెన్సు ఘనత ఆమెకి దక్కినా, ఆ విద్యకి మూలం అక్కడుంది.

పట్టడం తెలిశాక, మిగల్చడం

ఆమె తుపాకీ కూడా పట్టింది. 1898లో కారిబూ అనే పెద్ద దుప్పి జాతి జంతువుని వేటాడింది. మెయిన్‌లో చట్టం ఒప్పుకున్న ఆఖరి కారిబూ వేట అదేనంటారు. ఆ తర్వాత వేట నిషేధించారు. అప్పటికే ఆలస్యమైంది. కొద్ది ఏళ్ళకే ఆ అడవుల్లో కారిబూ అన్నదే లేకుండా పోయింది.

ఒక్క రోజులో వందల చేపలు పట్టిందని పేరుపడ్డ మనిషే, మనిషికి ఇన్నే చేపలు అని హద్దు పెట్టాలని వాదించింది. గాలానికి తగిలిన చేపని జాగ్రత్తగా తిరిగి నీళ్ళలో వదలమని చెప్పింది. ఇది పుణ్యం కోసం చెప్పిన మాట కాదు. సరస్సు ఖాళీ అయితే రైల్లో వచ్చేవాళ్ళు ఉండరు, వాళ్ళని నమ్ముకున్న గైడ్లూ హోటళ్ళూ ఉండవు. కొండ బతికితేనే కొండవాళ్ళు బతుకుతారన్న లెక్క బ్యాంకు గుమాస్తాకి బాగా తెలుసు!

నలభై దాటాక రైలు దగ్గర జరిగిన ప్రమాదంలో ఆమె మోకాలు దెబ్బతింది. ఆస్పత్రుల్లో చాలాకాలం ఉంది. మళ్ళీ మునుపటిలా అడవులు తిరగలేకపోయింది. అయినా రాయడం మానలేదు. పెళ్ళి చేసుకోలేదు. 1946 నవంబరు 11న, 92 ఏళ్ళు నిండిన మర్నాడు, కన్నుమూసింది. ఆమె తిరిగిన కొండల్లో ఇవాళ ఒక కాలిబాటకి 'ఫ్లై రాడ్ క్రాస్బీ' పేరుంది.

మన కొండల సంగతి

మన దేశంలో ఫ్లై రాడ్ దొరల సరదాగానే వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో మంగుళూరులో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకమే అచ్చు వేయించాడు. 1900ల మొదటి దశకంలో నీలగిరుల చల్లటి నీళ్ళలో ట్రౌట్‌ని పెంచారు. మన అరకు వాగులు ట్రౌట్‌కి కావలసినంత చల్లన కాదు. కాబట్టి ఆ బెత్తం ఇక్కడికి రావాలని కాదు ఈ కథ చెప్పడం.

1897లో ఆ చట్టం వస్తే, సరిగ్గా నూరేళ్ళకి, 1997లో, మన అనంతగిరి, బొర్రా ప్రాంతం నుంచి మొదలైన సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకి గనుల లీజులు చెల్లవంది. నేల మీద హక్కు సరే, ఆ నేల గురించిన తెలివికి విలువ ఎప్పుడు? 2022లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది అరకు. విహారానికి వెళ్ళేవాళ్ళకి కొదవ లేదు.

ఈసారి మీరు పిల్లల్ని తీసుకుని వెళ్ళినప్పుడు, దారి చూపించడానికి ఆ ఊరి మనిషినే పిలవండి. అమ్మాయి అయితే మరీ మంచిది. ఏ వాగులో ఏ చేప ఉంటుందో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో అడగండి. చెప్పినందుకు బేరమాడకుండా డబ్బివ్వండి. అది దానం కాదు, చదువుకున్న మనిషికిచ్చే జీతం.