నవాబ్ అలీ యావర్ జంగ్

ఏలికలు మారుట చరిత్రలో క్రొత్త కాదు. కాని ఏలిక మారిన మరునాడు పాత ఒడంబడికల గతి ఏమి? నేరం చేసి ఎల్ల దాటినవానిని ఎవరు పట్టి ఎవరికి అప్పగించవలెను? గుడుపల్లె, కుప్పం ప్రాంతపు పాఠకులకు ఈ చిక్కు సులువుగా బోధపడుతుంది. 1947కు పూర్వం మన సీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. పొరుగునున్న కోలారు మైసూరు మహారాజుగారిది. ఊరి ఎల్ల దాటితే చట్టమే మారిపోయేది. ఇదే చిక్కు నిజాం రాజ్యానికి బృహద్రూపంలో ఎదురైనప్పుడు దానిని సామరస్యంగా విప్పజూచినవారిలో నవాబ్ అలీ యావర్ జంగ్ ఒకరు.

వీరు 1906లో హైదరాబాదులో విద్యావంతుల కుటుంబంలో జన్మించినారు. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులైనారు. పిదప నిజాం ప్రభుత్వంలో ఉన్నత పదవులు నిర్వహించినారు. 1945–46లో ఉస్మానియా ఉపాధ్యక్షులుగా ఉన్నారు.

1947లో బ్రిటిష్ సార్వభౌమత్వం అంతరించే ఘడియ సమీపించినది. హైదరాబాదుకు సొంత న్యాయస్థానాలు, నాణెం, తపాలా, రైలు ఉండేవి. అయినను నలుదిక్కులా భారతభూమియే. నేరస్థుల అప్పగింతకు ఆంగ్లేయులతో 1867 నాటి ఒప్పందమే ఆధారం. భారత స్వాతంత్ర్య చట్టం ఈ సంబంధాలను రద్దుపరుస్తూ, సుంకాలు, రవాణా, తపాలా వంటి విషయాలలో మాత్రం పాత ఏర్పాట్లను తాత్కాలికంగా నిలిపి ఉంచినది. తక్కినవాటికి క్రొత్త ఒడంబడిక లేకున్న, ఒకచోటి దోషికి మరొకచోట ఆశ్రయం దొరకవచ్చును. ఇతర సంస్థానాలతో కుదిరిన యథాతథ ఒడంబడిక పట్టికలో నేరస్థుల అప్పగింతను పేరుపెట్టి చేర్చినది ఇందుకే.

రాజ్యాంగ వ్యవహారాలను చూచుచున్న అలీ యావర్ జంగ్ ఛత్తారీ నవాబుతోను, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్‌తోను ఢిల్లీ చర్చలలో పాల్గొన్నారు. ఇరుపక్షాల గౌరవం నిలుచునట్లు ఒప్పందం కుదుర్చుకొనుటయే ప్రజలకు క్షేమమని ఈ వర్గం భావించినది. కాని అక్టోబరు 27 తెల్లవారుజామున వేలాది జనం ప్రతినిధుల ఇండ్లను చుట్టుముట్టి ప్రయాణాన్ని అడ్డగించినారు. ప్రతినిధివర్గం రాజీనామా చేసినది. అలీ యావర్ జంగ్ కూడ ఆ సంవత్సరమే పదవిని వదలుకొన్నారు.

విచిత్రమేమనగా, క్రొత్త ప్రతినిధులు నవంబరు 29న చేసికొన్న ఒడంబడిక ఇంచుమించు పాతదే! ఏడాది గడువుతో, పూర్వపు ఏర్పాట్లన్నీ భారత ప్రభుత్వంతో కొనసాగవలెనని, వివాదాలను మధ్యవర్తులకు నివేదించవలెనని అందులో ఉన్నది. కాగితం నిలిచినది గాని విశ్వాసం నిలువలేదు. గడువు తీరకముందే, 1948 సెప్టెంబరులో, సైనికచర్యతో కథ ముగిసినది. ఆ రోజులలో ఎందరో అమాయకులు కష్టనష్టాలకు గురియైనారు.

అలీ యావర్ జంగ్ మరల ఉస్మానియా ఉపాధ్యక్షులై 1952 వరకు సేవచేసినారు. తరువాత భారత రాయబారిగా అర్జెంటీనా, ఈజిప్టు, యుగోస్లావియా, ఫ్రాన్సు దేశాలలో పనిచేసినారు. 1956 సూయజ్ సంక్షోభ వేళ కైరోలో ఉన్నది వీరే. 1965లో అలీగఢ్ ఉపాధ్యక్షులుగా ఉండగా ప్రవేశాల నిబంధన మార్పుపై ఆగ్రహించిన విద్యార్థుల దాడిలో తీవ్రంగా గాయపడినారు. అయినను 1968 వరకు ఆ బాధ్యత విడువలేదు. అటుపిమ్మట అమెరికాలో రాయబారియై, 1970 నుండి మహారాష్ట్ర గవర్నరుగా ఉండి, 1976 డిసెంబరు 11న పరమపదించినారు. బొంబాయిలో 1983లో నెలకొల్పిన జాతీయ బధిరుల సంస్థ వీరి నామమును ధరించినది.

రెండుసార్లు గుంపుల ఆగ్రహానికి గురియై కూడ వీరు ద్వేషం వహించలేదు, దేశసేవ మానలేదు. ఏలికలు మారవచ్చు, పొరుగువారితో న్యాయబంధం తెగరాదు. కేకలలో కలసిపోక, కాగితం శ్రద్ధగా చదివి మాట్లాడు ధైర్యమే విద్యకు ఫలమని ఈ జీవితం విద్యార్థులకు బోధించుచున్నది.