ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు

గుంటూరు జిల్లా వేములూరుపాడులో 1877లో ఒక బ్రాహ్మణ కుటుంబాన జన్మించిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు వృత్తిచేత న్యాయవాది. మనస్సు మాత్రం సంఘ సంస్కరణ మీదనే. వీరేశలింగం పంతులుగారి మార్గాన గుంటూరులో వితంతువులకు ఆశ్రయం కల్పించారు. ఆ కృషిలో సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మగారి పాలు ఏమాత్రం తక్కువ కాదు. తరువాత డబ్లిన్ వెళ్ళి బారిస్టరు అయ్యారు. పరపాలనలో మగ్గుతున్న మరొక జాతి ఆవేదనను అక్కడ దగ్గరగా చూచారు.

1921లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లించబోమని ఎదురుతిరిగారు. అడవిలో పశువులను మేపుకొనుటకు సర్కారు విధించిన పన్ను అది. ఆ ఉద్యమంలో పంతులుగారికి కారాగారవాసం ప్రాప్తించింది. రాయవేలూరు జైలులోనే 1922లో 'మాలపల్లి' రచించారు. దానికే 'సంగవిజయం' అని మరొక పేరు. అదే కాలంలో ఉత్తరాదిన ప్రేంచంద్ జమీందారీ రైతుల వెతలపై నవల వెలువరించాడు. ఉర్దూ విద్యార్థులు దానిని 'గోషా-ఎ-ఆఫియత్' పేర ఎరుగుదురు.

మాలపల్లిలో నివసించే రామదాసు పరమ భాగవతుడు. ఆయన కుమారుడు సంగదాసు మోతుబరి చౌదరయ్య ఇంట పాలేరు, చౌదరయ్య కొడుకు రామానాయుడికి ప్రాణస్నేహితుడు. కూలీలను కూడగట్టి న్యాయమైన కూలి అడగడమే సంగదాసు చేసిన నేరం. చౌదరయ్య కొట్టిన దెబ్బకు అతడు ప్రాణాలు విడిచాడు. అన్న వెంకటదాసు మరొక త్రోవ పట్టాడు: జగ్గడనే పేరుతో దళం కూర్చి, ధనికులను దోచి పేదలకు పంచాడు. సమానత్వం ఒప్పించి సాధించాలా, బలవంతాన లాక్కోవాలా? ఈ ప్రశ్నను పంతులుగారు ఒకే తల్లి బిడ్డల మధ్య నిలిపారు. ఆయన మొగ్గు సంగదాసు వైపే. అయినా జగ్గణ్ణి కేవలం దొంగగా చిత్రించలేదు. అతని ఆగ్రహానికి కారణాలను పాఠకుని ముందు పరచారు. రాజకీయ నవలాకారునికి ఈ నిజాయితీ అరుదు.

ఒక్క విషయం మాత్రం నన్ను బాధిస్తుంది. రామదాసు కుటుంబం భక్తిలో, ఆచారంలో, వేదాంత చర్చలో అగ్రహారానికి తీసిపోదు. మాలవాడు మనిషేనని పాఠకునిచేత ఒప్పించడానికి ముందుగా అతణ్ణి జ్ఞానిని చేయవలసి వచ్చిందా? చదువురాని, కోపిష్ఠి అయిన సామాన్య కూలీకి ఆ గౌరవం దక్కకూడదా? ఆనాటి పాఠకుల స్థితినిబట్టి పంతులుగారు అలా వ్రాశారేమో. కాని పేదల నోట పేదల మాటే పలికించిన ఆయన భాష ఈ కొరతను చాలావరకు తీరుస్తుంది. గ్రాంథికమే గౌరవమనుకొనే రోజుల్లో గుంటూరు పల్లె పలుకుబడిని పుస్తకానికెక్కించడం కూడ సమానత్వ సాధనే కదా!

నవలలోని వాదం మద్రాసు ప్రభుత్వానికి చక్కగా అర్థమైంది. 1923లో నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తొలగించి ప్రచురించుకొనుటకు అనుమతించింది; 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చిన పిమ్మటగాని ఆ నిర్బంధం తొలగలేదు. అప్పటికి పంతులుగారికి అరువది ఏండ్లు.

ఇంతకాలం పుస్తకం చెరలో ఉన్నా ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మాలపల్లి వ్రాసిన 1922లోనే గుంటూరులో బాలికల విద్యకై శారదానికేతనం స్థాపించి, దంపతులిద్దరూ దానిని పోషించారు. 1958లో ఆయన కన్నుమూశారు.